తెల్ల బట్టల మరకలకు బ్లీచ్ వాడడం ఎలా? ముందు మీ బోరు నీళ్లు చూసుకోండి

"తెల్లగైతదని బ్లీచ్ వేస్తే ఉన్న తెలుపు గూడ పోయి పచ్చబడ్డది." నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి దిక్కు బోరు నీళ్లతో బట్టలుతికే ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. సీసా మంచిది కాదేమో అని ఇంకో కంపెనీది తెస్తారు. అదీ అంతే చేస్తుంది. చాలాసార్లు లోపం సీసాలో ఉండదు. నీళ్లలో ఉంటుంది, లేదంటే బట్టలో ఉంటుంది, అదీ కాదంటే ఆ మరక అసలు బ్లీచ్‌తో పోయే రకమే కాదు. ఈ మూడూ ముందే చూసుకుంటే మిగిలిన పని పది నిమిషాలది. అందుకే ఇక్కడ బకెట్ దగ్గరికి రావడానికి కాస్త టైమ్ పడుతుంది, ఓపిక పట్టండి.

బ్లీచ్ అని నేనంటున్నది కిరాణా షాపుల్లో 'అలా' లాంటి పేర్లతో దొరికే, ఘాటు వాసన ఉండే లిక్విడ్ బ్లీచ్ గురించి. అది నీళ్లలో కరిగిన సోడియం హైపోక్లోరైట్. ఉజాలా, నీలిమందు బ్లీచ్‌లు కావు. అవి బట్టకు కొంచెం నీలి ఛాయ పూసి పసుపుదనాన్ని కంటికి కనపడకుండా చేస్తాయి, అంతే. మరకను అవి ముట్టుకోవు.

రంగు ఎలా పోతుంది

కాస్టిక్ సోడా ద్రావణంలోకి క్లోరిన్ వాయువును పంపితే సోడియం హైపోక్లోరైట్, దానితోపాటు మామూలు ఉప్పు తయారవుతాయి. ఇళ్లలో వాడే సీసాల్లో హైపోక్లోరైట్ సాధారణంగా 4 నుంచి 6 శాతం దాకా ఉంటుంది. మిగతాది దాదాపు నీళ్లే.

పసుపులో ఉండే కర్క్యుమిన్, ఎర్ర మిరపకాయలో ఉండే క్యాప్సాంథిన్, చాయ్‌లోని గోధుమ రంగు పదార్థాలు, వీటన్నిటిలో కార్బన్ పరమాణువుల మధ్య ఒకటి విడిచి ఒకటిగా జంట బంధాలు వరుసగా ఉంటాయి. వెలుతురులో కొంత భాగాన్ని పీల్చుకునేది ఆ వరుసే. కర్క్యుమిన్ నీలి కాంతిని పీల్చుకుంటుంది, మిగిలిన కాంతి మన కంటికి పసుపుగా కనిపిస్తుంది. హైపోక్లోరైట్ ఈ అణువుల నుంచి ఎలక్ట్రాన్లను లాగేసి జంట బంధాలను తెంపుతుంది. రసాయన శాస్త్రంలో దీన్నే ఆక్సీకరణం అంటారు. వరుస తెగిపోయాక మిగిలిన ముక్కలు కంటికి కనిపించే కాంతిని పీల్చుకోలేవు, కాబట్టి రంగు ఉండదు.

అయితే ఆ ముక్కలు బట్ట మీదే ఉంటాయి. మరకతోపాటు వచ్చిన నూనె, జిడ్డు కూడా అక్కడే ఉంటాయి. రంగు పోయింది కదా అని బట్టను అలాగే ఆరేస్తే ఆ జిడ్డు కొత్త మురికిని పట్టుకుని కొన్నాళ్లకు మళ్లీ కనిపిస్తుంది. బ్లీచ్‌కు ముందూ సబ్బు కావాలి, తర్వాతా మంచి జాడింపు కావాలి. బ్లీచ్ వేస్తే ఉతకాల్సిన పని తప్పుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

నీళ్లలో హైపోక్లోరైట్ రెండు రూపాల్లో ఉంటుంది. క్షార గుణం ఎక్కువగా ఉన్నప్పుడు హైపోక్లోరైట్ అయాన్‌గా, క్షారం తగ్గేకొద్దీ హైపోక్లోరస్ ఆమ్లంగా. రెండోది చాలా చురుకైనది. సీసాలో సరుకు నిలవ ఉండాలి కనుక కంపెనీలు ద్రావణం పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 మధ్యస్థం, పైకి పోతే క్షారం, కిందికి దిగితే ఆమ్లం) 11 నుంచి 13 దాకా ఉంచుతాయి. వేలికి అంటితే జారుడుగా అనిపించేది ఈ క్షారం వల్లే. చర్మం మీది కొవ్వును అది అక్కడికక్కడే సబ్బు చేస్తుంది. చేతికి గ్లవ్స్ తొడగమనేది ఇందుకే.

ఈ సంగతి సగం తెలిసినవాళ్లు "కొంచెం నిమ్మరసం పిండితే పవర్ పెరుగుతుంది" అని సలహా ఇస్తుంటారు. పెరుగుతుంది, నిజమే. కానీ పీహెచ్ 7 దగ్గరికి దిగినప్పుడే హైపోక్లోరైట్ నూలు పోగును ఎక్కువగా తినేస్తుంది. ఇంకా కిందికి దిగితే బకెట్‌లోంచి క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. ఆ ముచ్చట కింద విడిగా చెబుతాను.

మొదటి పని: నీళ్ల పరీక్ష

బ్లీచ్ కలిపే నీళ్లలో కరిగిన ఇనుము ఉంటే మొత్తం పని చెడిపోతుంది. బోరు నుంచి తాజాగా వచ్చినప్పుడు ఆ ఇనుము కంటికి కనపడదు, నీళ్లు తేటగానే ఉంటాయి. హైపోక్లోరైట్ తగలగానే కరిగి ఉన్న ఇనుము ఆక్సీకరణం చెంది తుప్పుగా మారి బయటికొస్తుంది. పక్కనే తెల్ల బట్ట ఉంటే దాని పోగుల్లోకి దిగి కూర్చుంటుంది. షర్టు పచ్చబడిందంటే చాలాసార్లు జరిగింది ఇదే. నీళ్లలో మాంగనీస్ ఉంటే గోధుమ, నలుపు చుక్కలు పడతాయి.

పరీక్ష తేలిక. తెల్ల గిన్నెలో గానీ, గాజు గ్లాసులో గానీ అప్పుడే పట్టిన బోరు నీళ్లు పోయండి. నాలుగైదు చుక్కల బ్లీచ్ వేసి కదిపి రెండు మూడు గంటలు వదిలేయండి. గ్లాసు కింద తెల్ల కాగితం పెట్టి పైనుంచి చూడండి. నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగినా, అడుగున గోధుమ రంగు నలుసులు పేరుకున్నా ఆ నీళ్లతో తెల్ల బట్టలకు బ్లీచ్ వాడొద్దు. ఏ తేడా లేకపోతే ధైర్యంగా వాడుకోవచ్చు.

ఇనుము ఉందని తేలితే ఏం చేయాలి? మిషన్ భగీరథ నల్లా వచ్చే ఊరైతే బ్లీచ్ బకెట్‌కు, ఆ తర్వాత మొదటి జాడింపుకు ఆ నీళ్లు పక్కన పెట్టుకోండి. ఒక్క బకెట్ చాలు. నల్లా లేకపోతే బోరు నీళ్లను వెడల్పాటి టబ్బులో పోసి, చెంబుతో పైకెత్తి పోస్తూ కాసేపు గాలి తగలనిచ్చి, రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున పై తేట మాత్రం తీసుకోండి. చాలావరకు ఇనుము అడుగుకు దిగుతుంది. మళ్లీ పైన చెప్పిన గ్లాసు పరీక్ష చేసి చూసుకోండి.

నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. ఆరోగ్యానికి అదెంత చేటో మన ఊళ్లలో చెప్పాల్సిన పని లేదు, కానీ బట్టల మరకలతో దానికి సంబంధం లేదు. బ్లీచ్‌తో మాత్రం ఒక పాత చుట్టరికం ఉంది. 1970ల్లో నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ ఫ్లోరైడ్ తీయడానికి రూపొందించిన 'నల్లగొండ టెక్నిక్'లో పటిక, సున్నంతోపాటు బ్లీచింగ్ పౌడర్ కూడా వేస్తారు. ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దించేది పటిక. బ్లీచింగ్ పౌడర్ పని సూక్ష్మజీవులను చంపడం వరకే.

ఉప్పు నీళ్ల సంగతి వేరు. సబ్బు నురగ రాని గట్టి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బుతో కలిసి జిగట తెట్టుగా మారి బట్టకు పట్టుకుంటాయి. ఏళ్ల తరబడి ఇలా ఉతికిన తెల్ల పంచె బూడిద రంగుకు తిరుగుతుంది. ఎంత బ్లీచ్ పోసినా ఆ బూడిద రంగు పోదు. అలాంటి నీళ్లున్నచోట సబ్బు బిళ్ల మాని డిటర్జెంట్ పౌడర్‌కు మారడం, వాషింగ్ సోడా కొంచెం కలపడం మేలు.

రెండో పని: బట్ట ఏదో తెలుసుకోవడం

హైపోక్లోరైట్ తెల్ల నూలు బట్టకు, తెల్ల టెరికాటన్‌కు పనికొస్తుంది. పట్టుకు, ఉన్నికి అస్సలు పనికిరాదు. పట్టూ ఉన్నీ ప్రొటీన్లు. బ్లీచ్ వాటిని ముందు పచ్చబరుస్తుంది, తర్వాత పోగులనే కరిగించేస్తుంది. నైలాన్ పచ్చబడుతుంది, సాగే బట్టల్లోని లైక్రా సాగుడు పోతుంది. "రింకిల్ ఫ్రీ" అని అమ్మే కొన్ని షర్టులకు పూసిన రెజిన్ క్లోరిన్‌ను పట్టి ఉంచుకుని పసుపు రంగుకు తిరుగుతుంది.

మన దగ్గర ఎక్కువగా దెబ్బతినేది గద్వాల చీర. ఒళ్లంతా నూలు కదా, ఏమీ కాదులే అనుకుంటారు. కానీ సంప్రదాయ గద్వాల చీరలో అంచూ కొంగూ పట్టు. నూలు, పట్టు భాగాలను మగ్గం మీదే కలిపి ఒక్క చీర చేస్తారు. తెల్లటి ఒంటి మీద చాయ్ మరక పడిందని బ్లీచ్ నీళ్లలో ముంచితే మరక పోతుంది, దాంతోపాటు అంచూ పోతుంది. జరీ నల్లబడుతుంది కూడా. పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్‌లో ఇంకో చిక్కు. డిజైన్‌లోని తెలుపు వేరే బట్ట కాదు, అద్దేటప్పుడు చిటికీ కట్టి రంగు ఎక్కకుండా ఆపిన నూలు. ఆ తెల్ల గడిలో మరక పడితే దాన్ని మాత్రమే బ్లీచ్ చేయడం కుదరదు. తడి పక్క పోగులోకి పాకి, గడి చుట్టూ ఉన్న రంగును లాగేస్తుంది. ఇలాంటివాటిని డ్రై క్లీనింగ్‌కు ఇవ్వండి. నారాయణపేట చీరలకూ ఇదే మాట.

బట్ట ఏదో తెలియకపోతే లోపలి మడత నుంచి రెండు పోగులు లాగి, బట్టకు దూరంగా తీసుకెళ్లి, చిమటాతో పట్టుకుని అంటించండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. పట్టు, ఉన్ని కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

రంగు బట్ట మీద వాడి తీరాలనుకుంటే ముందు చుక్క పరీక్ష చేయండి. పావు కప్పు నీళ్లలో రెండు చిన్న స్పూన్ల బ్లీచ్ కలిపి, లోపలి కుట్టు దగ్గర ఒక్క చుక్క వేసి నిమిషం ఆగండి. తెల్ల కాగితం ముక్కతో అద్ది చూడండి. కాగితానికి రంగు అంటినా, బట్ట మీద చుక్క పడినచోటు కొంచెం వెలిసినా అక్కడితో ఆపేయండి.

మూడో పని: మరకను గుర్తుపట్టడం

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. కొన్ని మరకలకు బ్లీచ్ మందు, కొన్నిటికి విషం.

చాయ్, కాఫీ, అల్లనేరేడు, మామిడిపండు రసం, వక్కాకు మరకలు బ్లీచ్‌కు బాగా లొంగుతాయి. ముంజల కాలంలో తాటికాయ రసం పడి గోధుమ రంగుకు తిరిగిన చొక్కాలు కూడా చాలావరకు లొంగుతాయి. పసుపు లొంగుతుంది, కాకపోతే ముందు కాస్త భయపెడుతుంది. క్షారం తగలగానే కర్క్యుమిన్ ఎర్రబడుతుంది. సబ్బు రాస్తే పసుపు మరక కుంకుమలా మారడం మీరు చూసే ఉంటారు. బ్లీచ్ చుక్క పడినప్పుడూ ఒక్క క్షణం అలాగే ఎర్రగా అయి, తర్వాత చుక్క నడుమ నుంచి వెలిసిపోవడం మొదలవుతుంది. కంగారుపడి ఇంకో మూత ఒంపకండి.

అసలు పసుపుకు బ్లీచ్ చివరి అస్త్రంగానే ఉంచుకోమంటాను. వెలుతురుకు కర్క్యుమిన్ దానంతటదే విరిగిపోతుంది. సబ్బు పెట్టి ఉతికి, తడిగానే పాలమూరు ఎండలో ఆరేయండి. బోనాలప్పుడు పడ్డ పసుపు మరకలు రెండు మూడు ఎండలకు చాలావరకు పోతాయి. చాకిరేవుల్లో చౌడు నీళ్లలో తడిపిన బట్టలను బానలో ఉడికించి ఎండలో పరిచిన రోజుల్లో జరిగిన పనీ దాదాపు ఇదే. చౌడులోని క్షారం జిడ్డును తీసేది, ఎండా గాలీ కలిసి రంగును తీసేవి. యూరప్‌లోనూ బట్టను వారాల తరబడి పచ్చికల మీద పరిచి తెలుపు చేసేవాళ్లు. 1774లో స్వీడన్‌లో షీలే క్లోరిన్‌ను తయారు చేయడం, 1780ల్లో ఫ్రాన్స్‌లో బెర్తొలే దాన్ని బట్టల తెలుపుకు వాడడం, 1799లో స్కాట్లాండ్‌లో టెనెంట్ బ్లీచింగ్ పౌడర్‌కు పేటెంట్ తీసుకోవడంతో వారాల పని గంటల్లోకి వచ్చింది.

మామిడి తొక్కు మరక రెండు మరకల కింద లెక్క. పైన నూనె, లోపల కారం, పసుపుల రంగు. నూనె ఉండగా బ్లీచ్ లోపలికి దిగదు. గిన్నెలు తోమే లిక్విడ్ మరక మీద వేసి, వేళ్లతో మెత్తగా రుద్ది, పావుగంట ఆగి ఉతకండి. జిడ్డు పోయిందని వేలికి తెలిశాక బ్లీచ్ సంగతి చూడండి.

ఇక వద్దన్నవి. షర్టు కాలర్, చంకల దగ్గరి చెమట పసుపుకు బ్లీచ్ వేయకండి. చెమట మరకల్లో ప్రొటీన్ ఉంటుంది. హైపోక్లోరైట్ దానితో కలిసి క్లోరమైన్లు ఏర్పడి ఇంకా పచ్చబడుతుంది. దానికి డిటర్జెంట్ ముద్ద, గోరువెచ్చని నీళ్లు, మెత్తని బ్రష్ చాలు. రక్తం మరకకు చల్లని నీళ్లు, ఆ తర్వాత మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. బాల్‌పెన్ సిరాకు స్పిరిట్ అద్దిన దూది. చెల్క నేలల్లో పడ్డ ఎర్రమట్టి మరక ఇనుప ఆక్సైడ్. అది ఇప్పటికే ఆక్సీకరణం చెందిన ఇనుము కాబట్టి దాని మీద బ్లీచ్ చేయగలిగింది ఏమీ లేదు. మట్టి ఆరనిచ్చి, దులిపి, తర్వాత ఉతకాలి.

తుప్పు మరకకూ అంతే, బ్లీచ్ దాన్ని బట్టకు ఇంకా గట్టిగా పట్టిస్తుంది. తుప్పుకు కావాల్సింది ఆమ్లం. నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్ పక్కనే పెట్టుకుని మనకు వేరే మందెందుకు? మరక మీద ఉప్పు చల్లి, నిమ్మరసం పిండి, ఎండలో గంట ఉంచి జాడించండి. అవసరమైతే మళ్లీ చేయండి. పైన చెప్పినట్టు బోరు నీళ్ల ఇనుముతో పచ్చబడ్డ షర్టుకూ ఇదే వైద్యం. అయితే ఆ షర్టులో బ్లీచ్ వాసన ఇంకా ఉంటే నిమ్మకాయ జోలికి పోవద్దు. ముందు వాసన పూర్తిగా పోయేదాకా జాడించండి.

చాకలి పెట్టిన నల్లజీడి గుర్తును పోగొట్టాలని మాత్రం టైమ్ వేస్ట్ చేసుకోకండి. ఎన్ని ఉతుకులైనా పోకూడదనే దాన్ని పెట్టేది.

ఇప్పుడు బకెట్ దగ్గరికి

బట్టకు పిన్నులు, ఇనుప హుక్కులు ఉంటే తీసేయండి, లేకపోతే వాటి చుట్టూ తుప్పు దిగుతుంది. గంజి పెట్టిన పంచె అయితే ముందు గంజి పోయేలా ఉతకండి. గంజి, మురికి, సబ్బు నురగ అన్నీ బ్లీచ్‌ను తినేసి మరకకు మిగలనివ్వవు. బకెట్ ప్లాస్టిక్‌దే ఉండాలి.

నీళ్లు చల్లగా ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చేవి చన్నీళ్లు కావు, వేణ్నీళ్లే. వేడికి బ్లీచ్ మరక మీద ఎంత తొందరగా పనిచేస్తుందో పోగు మీదా అంతే తొందరగా పనిచేస్తుంది. తెల్లవారుజామున పట్టిన నీళ్లు వాడండి.

మొత్తం బట్టలు తెల్లబడాలంటే 15 లీటర్ల బకెట్‌కు 60 మిల్లీలీటర్ల బ్లీచ్. ఒక్క మరక కోసమైతే లీటరు నీళ్లకు ఒక పెద్ద స్పూను, అంటే 15 మిల్లీలీటర్లు, వేసి మరక ఉన్న భాగాన్ని మాత్రం ముంచండి. కొన్ని సీసాల మీద వేరే కొలత రాసి ఉంటుంది, అప్పుడు దాన్నే పాటించండి. ముందు నీళ్లు, తర్వాత బ్లీచ్, కర్రతో కదిపాకే బట్ట. పొడి బట్ట మీద సీసా నుంచి నేరుగా పోస్తే పడినచోట నూలు బలహీనపడి తర్వాత ఉతుకుల్లో చిల్లు పడుతుంది. తడి బట్టనే ముంచండి, ద్రావణం సమంగా పాకుతుంది.

బట్టను ముంచాక అక్కడే ఉండండి. రెండు నిమిషాలకోసారి ఎత్తి చూడండి. చాయ్ మరకైతే అంచులు ముందు పలచబడతాయి, నడుమ ముద్దగా ఉన్న చోటు చివరికి తేలుతుంది. 5 నిమిషాల్లో పోతే 5 నిమిషాలకే తీసేయండి. ఎంతైనా 10 నిమిషాలు దాటనివ్వకండి. రాత్రి నానబెట్టి పొద్దున చూద్దాం అనే పద్ధతి బ్లీచ్‌తో పనికిరాదు. పది నిమిషాలకూ పోని మరక పది గంటలకూ పోదు, ఈలోగా బట్ట మాత్రం పోతుంది. నూలంటే సెల్యులోజ్. రంగు పదార్థాన్ని తెంపే ఆక్సీకరణమే నెమ్మదిగా సెల్యులోజ్ గొలుసులనూ తెంపుతుంది. మోకాళ్లు, మోచేతుల దగ్గర ఊరికే చిరిగే తెల్ల బట్టల వెనక చాలాసార్లు ఈ నానబెట్టే అలవాటే ఉంటుంది.

తర్వాత కనీసం మూడు నీళ్లలో జాడించండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రాకూడదు. మిగిలిన బ్లీచ్‌ను విరిచేయాలంటే, ఒక జాడింపు అయ్యాక, బకెట్ నీళ్లలో రెండు మూడు మూతల 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి బట్టను ముంచి తీయండి. రెండూ కలిసి ఉప్పు, నీళ్లు, ఆక్సిజన్‌గా మారిపోతాయి. వాసన పోవాలని వెనిగర్ వేయమని చెప్పేవాళ్ల మాట వినకండి. బ్లీచ్ సీసా, పెరాక్సైడ్ సీసా నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయడం కూడా వద్దు, గ్యాస్ ఉవ్వెత్తున పొంగుతుంది.

వేటితో కలపకూడదు

ఆమ్లాలతో కలపకూడదు. హార్పిక్ లాంటి టాయిలెట్ క్లీనర్లు, బాత్రూం బండలకు వాడే యాసిడ్, నిమ్మరసం, వెనిగర్ అన్నీ ఆమ్లాలే. బ్లీచ్ తయారైన దారిలోనే అది వెనక్కి నడిచి క్లోరిన్ గ్యాస్ వదులుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన గ్యాసే అది. కిటికీ లేని చిన్న బాత్రూంలో, టాయిలెట్‌లో క్లీనర్ పోసి దాని మీద "ఇంకా తెల్లగైతది" అని బ్లీచ్ ఒంపడం మన ఇళ్లలో కనిపించే ప్రమాదకరమైన అలవాటు.

అమ్మోనియాతోనూ కలపకూడదు, క్లోరమైన్ అనే విషపు ఆవిర్లు లేస్తాయి. మూత్రం నిలవైనకొద్దీ అందులో అమ్మోనియా తయారవుతుంది. పిల్లలు పక్క తడిపిన దుప్పట్లను ముందు మామూలు నీళ్లలో బాగా జాడించాకే బ్లీచ్ బకెట్‌లో వేయండి. స్పిరిట్, శానిటైజర్ కూడా వద్దు. సిరా మరకకు స్పిరిట్ వాడిన చొక్కాను ఉతికి ఆరేశాకే వేరే పని.

ముక్కు మండి, కళ్లు నీళ్లు కారి, దగ్గు మొదలైతే బకెట్‌ను సర్దే ప్రయత్నం చేయకండి. అన్నీ అక్కడే వదిలి బయట గాలిలోకి రండి. ఆయాసం తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. కంట్లో చింది పడితే ధారగా నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పిల్లలు తాగితే వాంతి చేయించకండి. అది మళ్లీ గొంతులోంచి వచ్చేటప్పుడు ఇంకోసారి కాలుస్తుంది. నోరు కడిగించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రంగు బట్టలకు

రంగు నూలు బట్టలకు ఆక్సిజన్ బ్లీచ్ వాడండి. వానిష్ లాంటి పొడులలో ఉండేది సోడియం పర్‌కార్బొనేట్. నీళ్లలో పడగానే అది వాషింగ్ సోడాగా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా విడిపోతుంది. ఇదీ ఆక్సీకరణమే, కాకపోతే నెమ్మది. గట్టిగా పట్టిన అద్దకం రంగులను చాలావరకు వదిలేసి మరక మీద పనిచేస్తుంది. దీనికి మాత్రం వేడి కావాలి. 40 నుంచి 60 డిగ్రీల నీళ్లలో, ప్యాకెట్ మీద రాసినంత పొడి వేసి, గంట దాకా నాననివ్వండి. ఇక్కడ మిద్దె ట్యాంకు మధ్యాహ్నం నీళ్లు పనికొస్తాయి. పట్టుకు, ఉన్నికి ఇదీ వద్దు, క్షారం వాటికి పడదు.

గ్రామ పంచాయతీ మోరీల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్ తెచ్చి బట్టలకు వాడేవాళ్లూ ఉన్నారు. పని చేయదని కాదు. కానీ అది సున్నంతో కూడిన పొడి, పూర్తిగా కరగదు. కరగని నలుసు బట్ట మీద ఎక్కడ కూర్చుంటే అక్కడ కాల్చినట్టు చిల్లు చేస్తుంది. పైగా తెరిచిన సంచిలో బలం ఎంత మిగిలిందో తెలియదు కాబట్టి కొలత కుదరదు. బట్టల వరకు దాన్ని వదిలేయండి.

సీసా ఎక్కడ పెట్టాలి

బ్లీచ్ సీసాలో ఉండగానే బలం కోల్పోతూ ఉంటుంది. కొంత ఆక్సిజన్ వదిలి ఉప్పుగా, కొంత క్లోరేట్‌గా మారిపోతుంది. 10 డిగ్రీల వేడి పెరిగితే ఆ వేగం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. మే నెలలో రేకుల బాత్రూంలో కిటికీ మీద పెట్టిన సీసా వానలు పడేసరికి సగం ఉప్పునీళ్లే. కొనేటప్పుడు తయారీ తేదీ చూసి చిన్న సీసా తీసుకోండి. షాపు ముందు ఎండలో ఉన్నది కాకుండా లోపలి అర నుంచి ఇవ్వమనండి. ఇంట్లో నీడగా, చల్లగా ఉండేచోట, వెలుతురు దూరని దాని సొంత సీసాలోనే ఉంచండి. నీళ్ల బాటిల్లో, కూల్‌డ్రింక్ బాటిల్లో ఒంపి పెట్టకండి. పిల్లలకు, దాహంతో పొలం నుంచి వచ్చిన పెద్దలకు తేడా తెలియదు.

బకెట్‌లో కలిపిన ద్రావణం మిగిలితే రేపటికి దాచకండి. రేపటికి దానిలో బలం ఉండదు. ఇంకొన్ని నీళ్లు కలిపి మోరీలో పోయండి, చెట్ల మొదట్లో మాత్రం పోయొద్దు.